నాలుగు వాయిలు

"కళ్ళు మూసుకోండమ్మా. పాదానికి ఏదైనా తగిలితే 'ఆఁ' అనండి. మధ్యలో చూడకూడదు మరి."

మూసుకున్నాను. బల్ల మీది రెక్సిన్ చల్లదనం పిక్కలకి తెలుస్తోంది. బయట వరండాలో ఆయమ్మ టోకెన్ నంబర్లు పిలుస్తోంది. కుడి బొటనవేలి కింద సన్నగా ఏదో ఆనింది. "ఆఁ." వేళ్ళ మొదట్లో ఇంకోసారి. "ఆఁ." ఆ తర్వాత ఏమీ లేదు. ఎంతసేపు చూసినా ఏమీ లేదు. ఆనించారా, నాకు తెలియలేదా? అసలు ఆనించనే లేదా? గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.

"ఏం లేదమ్మా, ఊరికే ఆగాను. కొందరు తగిలినా తగలకపోయినా వరసలో 'ఆఁ' అంటూ పోతారు. అందుకని మధ్యలో ఇలా ఆగి చూస్తాం."

కళ్ళు తెరిచాను. డాక్టరమ్మ చేతిలో ఉన్నది చిన్న పిడికి బిగించిన నైలాన్ పోగు, అంతే. చర్మానికి ఆనించి అది వంగేదాకా నొక్కితే 10 గ్రాముల ఒత్తిడి పడుతుందట. ఆ మాత్రం ఒత్తిడి తెలియని పాదానికి చెప్పులో గులకరాయి ఉన్నా తెలియదు. మా నాన్నకి తెలియలేదు. చెప్పు అడుగున దిగిన మేకు ఎన్నాళ్ళు గుచ్చిందో ఏమో, గచ్చు మీద నెత్తుటి అడుగులు అమ్మ కంట పడేదాకా ఆయనకి ఆ సంగతే లేదు. గుంటూరు తీసుకెళ్తే బొటనవేలు తీసేశారు. ఈ గదిలోకి వచ్చినప్పటి నుంచీ నా కళ్ళ ముందున్నది రిపోర్టు కాదు, ఆ కట్టు.

"రెండు పాదాలూ శుభ్రంగా ఉన్నాయి. దిగండి" అన్నారావిడ.

నిజానికి నేను షుగర్ అనుమానంతో బయల్దేరలేదు. క్లాసులో వెనక బెంచీ పిల్లల మొహాలు మసగ్గా కనిపిస్తుంటే కళ్ళజోడు నంబరు మారిందనుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన అద్దాలు మార్చి మార్చి చూసి, "ముందు షుగర్ చూపించుకుని రండి టీచర్ గారూ. రక్తంలో గ్లూకోజు హెచ్చుతగ్గులైతే కంటిలోని కటకం ఉబ్బుతుంది, నంబరు నిలవదు" అన్నారు. అందుకే నిన్న పొద్దున ఆరున్నరకి ల్యాబు మెట్లెక్కాను. ధనుర్మాసం, తెనాలి కాలవల మీద మంచు ఇంకా విడలేదు, గుడి మైకులో తిరుప్పావై. కుర్రాడు పరగడుపేగా అని రెండుసార్లు అడిగి, బూడిదరంగు మూత గొట్టంలోకి ఒకింత, ఊదారంగు మూత గొట్టంలోకి ఒకింత రక్తం తీశాడు. మొదటిది షుగర్‌కి, రెండోది హెచ్‌బీఏ1సీకి. "టిఫిన్ చేసి రెండు గంటలకి మళ్ళీ రండి మేడమ్" అన్నాడు. పక్క వీధిలో నాలుగు ఇడ్లీలు తిని, ల్యాబు బల్ల మీదే కూర్చుని ఏడో తరగతి పేపర్లు దిద్దుకున్నాను.

ఇప్పుడా కాగితం డాక్టరమ్మ బల్ల మీద ఉంది. పరగడుపున 168. తిన్న రెండు గంటలకి 262. హెచ్‌బీఏ1సీ 8.4. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5 చేరితే షుగర్ కిందే లెక్క. నావి ఆ గీతలు దాటి చాలా దూరం పోయాయి.

"నిన్న ఒక్కరోజు తేడా ఏమో డాక్టర్ గారూ. పేపర్లు దిద్దే హడావుడి, నిద్ర కూడా లేదు."

"మొదటి రెండు అంకెలూ నిన్నటివే అనుకున్నా, మూడోది నిన్నటిది కాదమ్మా. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్ళూ రక్తంలో తిరిగే గ్లూకోజు దాని హిమోగ్లోబిన్‌కి అంటుకుంటూ పోతుంది. 8.4 అంటే ఈ రెండు మూడు నెలలుగా మీ సగటు 194 దగ్గర ఉన్నట్టు."

"రాత్రి ఎనిమిదికి తిన్నదాన్ని పొద్దున ఆరున్నర దాకా మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. 168 ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆవిడ నవ్వారు. ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషపడ్డట్టు కుర్చీ ముందుకి జరిపారు. మనం తినని వేళల్లో ఒంటికి కావలసిన చక్కెరని కాలేయం విడుదల చేస్తుంది. చాలు, ఆపు అని దానికి చెప్పేది ఇన్సులిన్. టైప్ టూలో ఇన్సులిన్ ఉన్నా ఆ మాటకి విలువ ఉండదు. వద్దు వద్దంటున్నా విస్తట్లో గుమ్మరించే అత్తగారిలా కాలేయం రాత్రంతా వడ్డిస్తూనే ఉంటుంది. ఇప్పుడు రాసిన మెట్‌ఫార్మిన్ మాత్ర ముఖ్యంగా ఆ చెయ్యి పట్టుకుని ఆపుతుందన్నమాట.

"నేను స్వీట్లు తినను డాక్టర్ గారూ. కాఫీలో కూడా అరచెంచానే."

"అన్నం?"

నేనేమీ మాట్లాడలేదు. ఆవిడా రెట్టించలేదు. టేపు తెచ్చి నడుము చుట్టూ కొలిచారు. 86 సెంటీమీటర్లు. మన ఆడవాళ్ళకి 80 దాటకూడదట, మగవాళ్ళకి 90. బరువు 54 కిలోలే. స్టాఫ్‌రూంలో అందరికంటే సన్నగా ఉండేది నేనే. "మీకేంటండీ, తీగలా ఉన్నారు" అనిపించుకుని మురిసిపోయేదాన్ని. ఆవిడ ఫోన్‌లో ఒక ఫొటో చూపించారు. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉన్నారు. 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయిందట. ఎత్తుకి తగ్గ బరువు లెక్క ఇద్దరిదీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఆంగ్లేయుడికి 9.1 శాతం, మనవాడికి 21.2 శాతం. సన్నటి చేతులు, సన్నటి కాళ్ళు, పొట్టలో కొవ్వు. మనలో చాలామందిది ఆ తీరే.

"పిల్లలు?"

"ఇద్దరండీ."

"కాన్పుల్లో షుగర్ కనపడిందా?"

"రెండోసారి. చివరి రెండు నెలలూ ఇన్సులిన్ కూడా పొడిచారు. పాప పుట్టగానే పోయింది."

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "పోయిందని ఎవరన్నారు?"

ఎవరన్నారంటే ఏం చెప్పను? అందరూ అన్నారు. కాన్పు చేసిన ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితంలో పాపకి వేయించాల్సిన టీకాల పట్టీ ఉంది, నన్ను మళ్ళీ ఎప్పుడు చూపించుకోమన్నారో లేదు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన వాళ్ళకి తర్వాత టైప్ టూ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాన్పయిన 4 నుంచి 12 వారాల్లోపు ఒకసారి, ఆపైన ఏడాదికో, కనీసం మూడేళ్ళకోసారో జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి. పాపకి ఇప్పుడు పదిహేనేళ్ళు.

చీటీ నిండా రాశారావిడ. భోజనం మధ్యలో మాత్ర, మొదట్లో కడుపు ఉబ్బరించినా విరేచనాలైనా కంగారు పడొద్దు, కంటి లోపలి పొర ఈ నెలలోనే చూపించుకోవాలి, మూత్రంలో ఆల్బుమిన్, బీపీ, కొలెస్ట్రాల్. "టైప్ టూ బయటపడేసరికే ఒంట్లో ఏళ్ళ తరబడి ఉండి ఉండొచ్చు. అందుకే మొదటిరోజే కళ్ళూ కాళ్ళూ చూస్తాం" అన్నారు. లేవబోతుంటే, "మీ నాన్నగారి కాలు గుర్తొచ్చింది కదూ?" అన్నారు మెల్లిగా. చెప్పనే లేదు నేను. కేసు షీట్లో తండ్రికి షుగర్ అని రాయించాను, అంతే.

ఇంటికొచ్చి చెప్పగానే మా ఆయన ముందు రిపోర్టు చదివారు, తర్వాత బజారుకెళ్ళి షుగర్ ఫ్రీ బిస్కెట్లు రెండు ప్యాకెట్లు పట్టుకొచ్చారు. ప్రేమే అది. ప్యాకెట్ తిప్పి చూస్తే మొదటి దినుసు మైదా.

అత్తయ్య మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చి నా గడ్డం పట్టుకుని చూసింది. "నీకు షుగరేందమ్మాయ్? చిక్కి సగమైన మనిషివి. ఆ మిషన్ సరిగా చూశారో లేదో. రేపట్నించి కాకరకాయ రసం తాగు, నాలుగు రోజుల్లో ఎగిరిపోద్ది."

సాయంత్రానికి ఎదురింటి పిన్నిగారు మెంతులు, నేరేడు గింజల పొడి తెచ్చిచ్చారు. పంచదార మానేసి బెల్లం వాడమన్నారు, బెల్లంలో ఉండేదీ చాలావరకు ఆ చక్కెరేనని తెలియక. చెల్లెలు ఫోన్‌లో వీడియో పంపింది, నలభై రోజుల్లో షుగర్‌ని తరిమికొట్టే పొడి. "అక్కా, ఇది తప్పకుండా చూడు" అని కింద దండం బొమ్మ. షుగర్ వెనక్కి తగ్గడమన్నది పూర్తిగా అబద్ధమూ కాదు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన చేశారు. కొన్ని నెలలు రోజుకి దాదాపు 850 కేలరీల తిండితో బాగా బరువు తగ్గించారు. 2017 చివర్లో వచ్చిన ఫలితాల్లో ఏడాదికి 46 శాతం మంది మందుల్లేకుండా షుగర్ హద్దుకి దిగువన ఉన్నారు. రెండేళ్ళకి అది 36 శాతమైంది. వాళ్ళు దాన్ని ఉపశమనమన్నారు తప్ప నయమైపోయిందనలేదు. పొడి అమ్మేవాడికి ఈ రెండు మాటల మధ్య తేడా అక్కర్లేదు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనాల వేళ పాప కేకుల కోసం కొనిపించుకున్న చిన్న కాటా తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద నా స్టీలు కంచం. అంకె సున్నాకి తెచ్చింది.

"అమ్మా, నువ్వు రోజూ పెట్టుకున్నట్టే పెట్టుకో. సిగ్గుపడి తగ్గించకు. లెక్క తెలియాలిగా."

మనది ఒక్క ముద్దగా ముగిసే భోజనం కాదు. మొదటి వాయి దోసకాయ పప్పు, నెయ్యి. 130 గ్రాముల అన్నం. రెండో వాయి వంకాయ కూర, అంచుకి గోంగూర. 110. చారుకి మరో 100. పెరుగుకి 90. ఏ వాయికా వాయి చూస్తే పిడికెడే. ఏ కూరకీ అన్యాయం చేయకూడదని ప్రతిదానికీ కాస్త అన్నం. మొత్తం 430 గ్రాములు. వండిన అన్నం నూరు గ్రాములకి 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పాప ఫోన్‌లో హెచ్చించింది. 120. చెంచాకి నాలుగు గ్రాముల చొప్పున లెక్కేసి, "ముప్ఫై చెంచాల పంచదారతో సమానం అమ్మా" అంది. కాఫీలోని అరచెంచా సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ కంచం ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. తినే అన్నం సాంబ మసూరి, మా పక్కనే బాపట్లలో పుట్టిన బీపీటీ 5204. 1986లో విడుదలైంది, మా ఇళ్ళల్లో శుభకార్యాలన్నీ దాంతోనే. డాక్టరమ్మ గుర్తు చేసిన రకం ఇంకోటి ఉంది, హైదరాబాదులో సీసీఎంబీ వాళ్ళూ వరి పరిశోధన సంస్థ వాళ్ళూ తెగులు తట్టుకునేలా దాన్నే మెరుగుపరిచి తీశారు. తిన్నది ఎంత వేగంగా రక్తంలో చక్కెరై ఎక్కుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ దానికి 51 దగ్గర ఉందని తేలింది. "దొరికితే వండుకోండి, కానీ అది తక్కువ వేగంతో ఎక్కే అన్నమే గాని అన్నం కాకుండా పోదు" అన్నారు. బజార్లో షుగర్ ఫ్రీ బియ్యమని బోర్డు పెట్టి అమ్మేవాళ్ళకి ఈ వాక్యం వినిపించాలి.

ఇక బేరం మొదలైంది. పూటకి 150 గ్రాములు, అంతకు మించి లేదు. ఏ వాయి ఉంచాలి, ఏది వదలాలి? కూర వట్టిదే తినొచ్చు, కప్పు నిండా. చారు గ్లాసులో పోసుకుని తాగొచ్చు. పప్పు కూడా చెంచాతో తినేయొచ్చు, ముద్దపప్పైతే కష్టం గాని. పెరుగు మజ్జిగైపోతుంది. గోంగూర ఒక్కటే లొంగలేదు. అన్నం లేని గోంగూర ఏం గోంగూర! ఆ 150లో సింహభాగం దానికి రాసిచ్చాను. ముందు కూర, పప్పు తిని చివరికి అన్నం దగ్గరికి వస్తే గ్లూకోజు అంత ఎత్తుకి లేవదని కూడా డాక్టరమ్మ చెప్పారు. మన వరసకి ఇది పూర్తిగా తిరగేసినట్టు. అయినా వంట మారలేదు, వడ్డన మారింది, అంతే.

అత్తయ్యకి అదే కొరుకుడు పడలేదు. ఆమెకి తెలిసిన ఆప్యాయత అంతా ఆ గరిటెలోనే ఉంది. నేను నీళ్ళకోసం ఇటు తిరిగితే అటునుంచి ఒక గరిటె కంచంలో పడుతుంది. మూడోరోజు అరిచాను. "పెట్టొద్దని చెప్తున్నాను కదా అత్తయ్యా! నా కాలు తీసేస్తే మీరు కడతారా కట్టు?" ఇల్లంతా నిశ్శబ్దం. ఆమె గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికెళ్ళిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోపం ఆమె మీద కాదని తెలుసు. ఎవరి మీదో తెలియలేదు. నలభై మూడేళ్ళకే నాన్న వరసలో నిలబడ్డందుకు, నాన్న మాత్రలు దాచుకున్నందుకు, స్టాఫ్‌రూంలో తెలిస్తే ఎవరో ఒకరు "ఇకనుంచి టీచర్ గారి స్వీటు నాకు" అని నవ్వబోతున్నందుకు.

పొద్దున్నే వంటింట్లోకి వెళ్తే అత్తయ్య పప్పు గుత్తితో మెదుపుతోంది. నా మొహం చూడకుండానే, "ఆ కాటా ఎట్లా చూడాలో నాకు చెప్పు. అంకె వరకూ నేనే పెడతాను" అంది.

అప్పటినుంచి నా అన్నం ఆమే తూస్తోంది. 150 అంటే 150. ఒకసారి 153 వస్తే నాలుగు మెతుకులు వెనక్కి తీసింది.

స్టాఫ్‌రూంలో నేనే చెప్పేశాను, దాచడానికి ఓపిక లేక. ఎవరూ నవ్వలేదు. లెక్కల మాస్టారు సొరుగు లాగి తన మాత్రల డబ్బా చూపించారు. తెలుగు మేడమ్ ఫోన్‌లో రిపోర్టు తీశారు. హిందీ టీచరు, "నాకు రెండేళ్ళుగా ఉంది, మా అత్తగారింట్లో కూడా తెలీదు" అంది గొంతు తగ్గించి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, 13.6 కోట్ల మందికి దాని గుమ్మం ముందున్న స్థితి ఉన్నట్టు అంచనా కట్టింది. ఆ కోట్లలో నలుగురం ఒకే బల్ల చుట్టూ ఇన్నాళ్ళూ కూర్చుని లంచ్ బాక్సులు పంచుకున్నాం. రాత్రిళ్ళు ఏం తింటున్నారని అడిగితే ముగ్గురూ ఒకే మాట, చపాతీ. ఎన్ని? నాలుగు, ఐదు, బంగాళాదుంప కూరతో. గోధుమపిండిలోనూ పిండిపదార్థం 70 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. అన్నం మానేశామన్న తృప్తి మాత్రం మిగులుతుంది.

రాత్రి భోజనమయ్యాక ఆయనా నేనూ కాలవ గట్టు మీద నడుస్తున్నాం. పావుగంట పోతే చాలన్నారు డాక్టరమ్మ. కదిలే కండరం ఇన్సులిన్ కోసం కాచుకోకుండానే గ్లూకోజుని లాక్కుంటుంది. మొదట్లో కడుపులో మాత్ర చేసే అల్లరికి ఇంటికి దగ్గర్లోనే తిరిగేదాన్ని, తర్వాత సర్దుకుంది. గ్లూకోమీటరు కొన్నాక ఇంట్లో అందరి వేళ్ళూ పొడిచి చూసింది పాప. వేలి కొస మీద కాదు, పక్కన పొడిస్తే నొప్పి తక్కువ. ఆయనకి పరగడుపున 112 వచ్చింది. వందలోపు ఉండాలి. ఆ రోజు నుంచి కాటా మీద రెండు కంచాలు ఎక్కుతున్నాయి.

ఆ యంత్రం నా నమ్మకాలు కొన్ని తిరగ్గొట్టింది. ఆరోగ్యమని గ్లాసుడు రాగిజావ తాగిన పొద్దున రెండు గంటలకి 221. మెత్తగా పిండి చేసి పల్చగా కాచిన రాగి ఎంత తేలిగ్గా అరుగుతుందో అంత తేలిగ్గా రక్తంలో కలుస్తుంది. సంక్రాంతి నాడు నేతి అరిసె ముందు పెట్టుకుని అత్తయ్య, నేను, పాప చర్చలు జరిపాం. పూర్తిగా మానడమా, సగమా? సగం అరిసెకి బదులు అన్నం 150 నుంచి 80కి తగ్గించాం. కూర రెండింతలు, భోజనం కాగానే గట్టు మీద నడక. రెండు గంటలకి వేలు పొడిస్తే 164. తిన్నాక 180 లోపుంటే చాలన్నది లక్ష్యం. అంకె చూడగానే అత్తయ్య, "సగం అరిసె కుదిరిందన్నమాట" అని మిగతా సగం తన నోట్లో వేసుకుంది.

పెళ్ళిపందిట్లో "ఒక్కటేగా, ఏం కాదు, తినండి" అని బలవంతం పెట్టేవాళ్ళున్నారే, వాళ్ళ మీద మాత్రం నాకు ఇంకా సహనం రాలేదు.

మార్చిలో హెచ్‌బీఏ1సీ 6.8. కంటిలోపలి పొర శుభ్రంగా ఉంది, మసక పోయింది, పాత కళ్ళజోడే సరిపోయింది. మాత్ర ఆపేయొచ్చా అనడిగాను. వద్దన్నారు. బ్రిటన్‌లో 1977 నుంచి 1997 దాకా సాగిన యూకేపీడీఎస్ పరిశోధనలో, బయటపడిన తొలి ఏళ్ళలో షుగర్‌ని గట్టిగా అదుపు చేసుకున్న వాళ్ళకి ఆ మేలు పరిశోధన ముగిసిన పదేళ్ళకి కూడా కనిపించిందట. ఇప్పుడు పడే శ్రమకే విలువ ఎక్కువ అన్నది ఆవిడ మాట. ఏటా కళ్ళు, కాళ్ళు, మూత్రం, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను గనక అప్పుడప్పుడు బీ12. నేను క్యాలెండరు మీద రాసుకున్నాను.

ఇది చదువుతున్న వాళ్ళలో గర్భంతో ఉండగా షుగర్ వచ్చి, తర్వాత పోయిందనుకుంటున్న అక్కచెల్లెళ్ళు ఉంటారు. అమ్మకో నాన్నకో షుగర్ ఉండి, తాము సన్నగా ఉన్నాం కదా అనుకుంటున్న వాళ్ళూ ఉంటారు. ముప్ఫై దాటిన వాళ్ళకి ఉపకేంద్రంలోనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ షుగర్, బీపీ ఉచితంగా చూస్తారు. తెలంగాణ పట్టణాల్లోనైతే బస్తీ దవాఖానాకి వెళ్ళండి. ఈ వారంలోనే వెళ్ళండి, పరగడుపున.